స్పీకర్లో వరిచేను

కోసాడ్ కాలనీలో భూదేవి వాళ్ళ బిల్డింగుకు మెట్ల పక్కన కాస్త వెడల్పయిన జాగా ఉంది. మధ్యాహ్నపు ఎండ అక్కడికి రాదు. పని చేసుకునే ఆడవాళ్ళు చీరల మూటలు ముందేసుకుని అక్కడే చేరతారు. మిల్లు నుంచి వచ్చిన చీరలకు వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించాలి, అంచుకు లేసు అతికించాలి. చేతులకే పని, నోటికి తీరిక. ఆ తీరికలో ముప్పాతిక వంతు భూదేవే వాడుకునేది.

సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొగుడు నర్సింగం పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు నడుపుతాడు. కొడుకు ప్రణయ్ ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, చీరల గోదాములో పార్సిళ్ళు కట్టే పనిలో చేరాడు. ఇల్లు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, ఓటు ఇక్కడే. అయినా భూదేవి ఈ ఊరిని తన ఊరని ఒక్కనాడూ అనలేదు. ఇక్కడి టమాటకు పులుపు లేదంటుంది. పప్పులో బెల్లమేంది అంటుంది. వాన పడ్డా మట్టి వాసన రాదంటుంది. "మా దిక్కు" అని ఆమె మొదలుపెట్టిందంటే వినేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, కత్తెర పని మీదకు తల వంచేవారు.

ఆమె దిక్కు అంటే సిద్దిపేట దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. అందులోనూ అత్తగారి ఊరు కాదు, తల్లిగారి ఊరు. ఇంకా చెప్పాలంటే ఊరంతా కూడా కాదు, ఊరి బయట బావి కింద ఉన్న రెండెకరాల వరిపొలం. నాయిన పోయాక అన్న రాజలింగం దాన్ని సాగు చేసుకునేవాడు. నేత కులంలో పుట్టి, పైగా సొంత పొలం కూడా ఉండటం భూదేవికి ఒక పెద్ద గొప్ప. "మేము నేసేటోళ్ళమే గని, గింజ కొనుక్కొని తిన్నోళ్ళం గాదు" అనేది. ఈ మాట ఎన్నిసార్లు అందంటే, తెలుగు ముక్క రాని హంసాబెన్‌కు కూడా దాని అర్థం తెలిసిపోయింది.

హంసాబెన్ కింది ఇంటి గుజరాతీ ఆమె. మనసులో ఏదీ ఆగదు, అనేస్తుంది, మరచిపోతుంది. ఆ మెట్ల దగ్గర కూర్చునే ఇంకొకామె జమున. ఆమెది జగిత్యాల వైపు. తనకూ ఒక ఊరుంది, కానీ ఊరి ముచ్చట తేదు. భూదేవి చెబుతుంటే మాత్రం పెదవి చివర చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా భూదేవికి ఒళ్ళు మండి, ఇంకో నాలుగు మాటలు ఎక్కువ చెప్పేది.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం జమున కూడా నవ్వేది కాదు. ఆదివారం భూదేవి అన్నకు ఫోన్ చేసేది. చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను చీరల మూట మీద అందరికీ వినపడేటట్టు ఆనించేది.

"అన్నా, వరి ఎట్లున్నది?"

"మంచిగున్నది చెల్లే. మొన్న ఒక వాన గొట్టింది గద, ఏపుగ లేసింది. పొద్దుగాల ఒడ్డు మీద నడుస్తే కాళ్ళన్ని తడుస్తున్నయి. కొంగలైతే చెప్పద్దు, తెల్లగ బట్టలారేసినట్టే."

రాజలింగానికి చెప్పడం వచ్చు. నాట్లప్పుడు ఆడవాళ్ళు ఎవరెవరు వచ్చారు, ఏ మడిలో నీళ్ళు నిలవడం లేదు, ఎండ్రికాయలు గట్టుకు ఎక్కడ బొక్క పెట్టాయి, అన్నీ చెప్పేవాడు. పాలు పోసుకునే గింజ వాసన ఎలా ఉంటుందో చెబితే జమున కత్తెర పక్కన పెట్టి వినేది. భూదేవి మధ్యమధ్యలో ఆపి హంసాబెన్‌కు హిందీలో చెప్పేది. చెప్పేటప్పుడు అన్న ఎకరానికి ఇంత పండిందంటే ఆమె దానికి ఇంకో రెండు బస్తాలు కలిపేది. అది ఆమె వారానికి ఒకసారి చేసుకునే పండగ.

నర్సింగం ఇంట్లో ఉంటే సరిగ్గా ఆ సమయానికే ఏదో పని గుర్తొచ్చి బయటికి పోయేవాడు. తన తల్లిగారి గొప్ప వినలేక లేచిపోతున్నాడని భూదేవి మూతి ముడుచుకునేది.

తల్లి చనిపోయి ఐదేళ్ళయింది. ఆ తర్వాత భూదేవి ఊరికి పోలేదు. ఒకసారి మొగుడికి సెలవు దొరకలేదు, ఒకసారి ఆమెకే మోకాలు వాచింది, రెండుసార్లు అన్నే ఏదో ఒకటి చెప్పి వద్దన్నాడు. ఎండలు మండుతున్నాయన్నాడు, ఇంటికి సున్నం వేయిస్తున్నామన్నాడు. ఈలోగా ఒడిబియ్యం పోసుకోవలసిన ఏడు వచ్చింది. పెళ్ళయిన ఆడబిడ్డ తల్లిగారింటికి పోయి పీట మీద కూర్చుంటే, అన్నావదినలు పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తింటికి తెచ్చుకుని, వండి పదిమందికి పెడుతుంది. ఎప్పుడైనా పోసేది అక్కడ, వండేది ఇక్కడ. భూదేవికి మాత్రం ఈసారి కొత్త బుద్ధి పుట్టింది. అన్నావదినలే సూరత్ వచ్చి ఇక్కడే పోస్తే అందరూ చూస్తారు కదా అనుకుంది.

ఆ మాట కూడా ఆమె స్పీకర్లోనే అడిగింది.

"మీరే రాండ్రి అన్నా. ఈడోళ్ళు చూడాలె. మన బియ్యం ఎట్లుంటయో ఒక్క పూట తిననియ్యి. గని బియ్యం మనింటియే గావాలె. కొనుకొస్తే నేను ముట్ట, ముందుగాలనే జెప్తున్న."

అటువైపు కాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"మనింటియే దెస్త చెల్లే," అన్నాడు రాజలింగం.

వాళ్ళు సికింద్రాబాద్‌లో రైలెక్కి వచ్చారు. స్టేషన్‌లో అన్నను చూసి భూదేవి గుర్తు పట్టడానికి ఒక క్షణం ఆలస్యమైంది. మనిషి బక్కచిక్కాడు. ఎండకు మాడిన మొహంలో పళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. వదిన గంగవ్వ తల మీద బియ్యం సంచి, చేతిలో ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, కొత్త చీర ఉన్న బట్టల సంచి. రాజలింగం చొక్కా జేబులో ఒక విజిల్ ఉంది, దాని తాడు బయటికి వేలాడుతోంది.

"ఇదేందన్నా?"

"కోతులకు చెల్లే. ఊరంత కోతులే. ఊదకుంటే చేన్ల గింజ మిగలనియ్యవు," అన్నాడు, తాడు లోపలికి తోసుకుంటూ.

భూదేవి ఆ సాయంత్రమే కోతుల ముచ్చట మెట్ల దగ్గర చెప్పేసింది.

మర్నాడు పొద్దున ఒడిబియ్యం. బిల్డింగులో తెలిసిన ఆడవాళ్ళందరినీ పిలిచింది. కొందరు ఉత్తగా చూడటానికి వచ్చారు, కొందరు మర్యాదకు వచ్చారు. ముందు గదిలో చాప పరిచి, దాని మీద ఉతికిన చీర పరిచి, భూదేవి సంచి మూతి తానే విప్పింది. బియ్యం కుప్పగా పోసి, రెండు చేతులా పైకెత్తి జారవిడిచింది. "చూడుండ్రి" అంది. సన్నగా, తెల్లగా బాగానే ఉన్నాయి. భూదేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అందులో నటనేమీ లేదు.

పసుపు కలపడానికి అందరూ చుట్టూ కూర్చున్నారు. హంసాబెన్ పిడికెడు బియ్యం అరచేతిలో పోసుకుని, వేలితో అటూ ఇటూ జరిపి, ఒక గింజను విడిగా పట్టుకుంది. మిగతా వాటికంటే అది కొంచెం పాలిపోయి, మైనంతో చేసినట్టుంది.

"భూదేవిబెన్, ఇవి మా రేషన్ బియ్యంలో వచ్చేవే కదా? పిల్లలు ప్లాస్టిక్ గింజలని ఏరి పారేస్తారు. మీ పొలంలో కూడా పండుతాయా ఇవి?" అని హిందీలో అడిగింది. ఆమె ఎగతాళి చేయలేదు. తెలియక అడిగింది.

జమున వంగి చూసింది. తన చేతికి కూడా ఒకటి దొరికింది, ఇంకొకటి దొరికింది.

"కంట్రోల్ బియ్యం," అంది మెల్లగా, తెలుగులో. ఈసారి ఆమె పెదవి చివర నవ్వు లేదు. నవ్వి ఉంటే భూదేవి ఏదో ఒకటి అని నెట్టుకొచ్చేది.

గింజ కొనుక్కుని తిననివాళ్ళ ఇంటి బియ్యం ఇవీ అని ఒక్కరూ అనలేదు, అందరూ అనుకుంటున్నారని మాత్రం భూదేవికి తెలుస్తోంది. తల కొట్టేసినట్టయింది. చెవులు మండిపోయాయి. ఆ మంటలో అన్నను కాపాడుకోవాలన్న ఆలోచన కూడా వచ్చింది, పాపం. అన్న తప్పు చేయడు. చేసింది ఎవరో కావాలి కదా.

"ఇది మా అన్న పని గాదు," అంది, అందరికీ వినపడేటట్టు. "పండిన బియ్యమంత తన తల్లిగారింటికి మోసి, ఆడబిడ్డ ఒడిల కంట్రోల్ బియ్యం పోద్దామని తెచ్చింది మా వదిన. మా అవ్వ ఉన్నన్ని రోజులు మా ఇంట్ల గిట్ల జరగలె." హంసాబెన్ కోసం ఆ మాటను హిందీలో కూడా చెప్పింది. అందులో వదినను దొంగ అన్న మాట ఇంకాస్త గట్టిగా పలికింది.

గంగవ్వ వంటింటి గడపలో కూర్చుని కుడుకలు తుడుస్తోంది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. తల ఎత్తి, గుమ్మం దగ్గర నిలబడ్డ మొగుడి వైపు చూసింది. రాజలింగం "చెల్లే, గట్లనకు, తప్పు నాదే, బస్తా..." అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. గంగవ్వ మళ్ళీ తల వంచుకుని కుడుక తుడవసాగింది.

ప్రణయ్ గబగబా వచ్చి తల్లి రెక్క పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"బస్ కర్ మమ్మీ, చాలు. ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు? మామకు పొలం లేదు."

"పొలం లేకపోవుడేంది?"

"అమ్మి ఆరేండ్లాయె. అమ్మమ్మ దవాఖాన్ల ఉన్నప్పుడే అమ్మిండు. ఇప్పుడు ఆడ అంత ప్లాట్లు, రాళ్ళు పాతి రంగులేసిండ్రు. మామ ఆడ్నే వాచ్‌మన్. ఆ విజిల్ కోతులకు గాదు."

"నీకెవ్వరు జెప్పిండ్రు?"

"పోయినేడు మామోళ్ళ ఊర్ల నా దోస్తు గణపతి పెండ్లికి పోలేదా నేను? బస్సు దిగంగనే గేటు కాడ కనబడ్డడు. మమ్మీకి చెప్పద్దని ఒట్టు వేయించుకుండు. పప్పాకు నాకంటె ముందుగాలనే తెల్సు."

నర్సింగం తలుపు సందులోంచి లోపలికి వచ్చి నిలబడ్డాడు. భూదేవి అతని వైపు తిరిగింది. అతను తన కాళ్ళ వేళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"ఎన్నోసార్లు చెప్దామనుకున్న," అన్నాడు. "వారమంత మూతి ముడుసుకొని ఉంటవు. గా ఆదివారం ఒక్కనాడే నవ్వుకుంట కనబడ్తవు. ఎట్ల జెప్పాలె? అందుకే బయటికి పోతుంటి."

భూదేవి మంచం అంచున కూలబడింది. ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసి, పసిపిల్ల చేతిలో బొమ్మ లాక్కోలేక ఊరుకున్నట్టు ఊరుకున్నారు. తల్లి దవాఖానాలో ఉన్నప్పుడు తాను పోయి నాలుగు రోజులు పక్కన కూర్చుని, ఏడ్చి, తిరిగి వచ్చింది. అంత పెద్ద దవాఖానా ఎలా నడుస్తోందని ఒక్క మాట అడగలేదు. అన్న ఉన్నాడు, పొలం ఉంది అనుకుంది. తల్లి పోయినప్పుడు కూడా ఆ ఏడుపులో బావి దిక్కు పోనేలేదు.

అప్పుడే ఆమెకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. తల్లి పోవడానికి ముందు, ఒక ఆదివారం. ఫోన్ మూట మీద ఉంది, చుట్టూ అందరూ ఉన్నారు. "చెల్లే, నీతోని ఒక ముచ్చట జెప్పాలె. జర స్పీకర్ బందు పెడ్తవా?" అన్నాడు అన్న. "తర్వాత జెప్పుదువు తియ్యన్నా, అందరు ఇంటున్నరు, ముందుగాల నాట్లు పడ్డయా లేదా చెప్పు," అంది తాను, నవ్వుతూ. అన్న కాసేపు ఆగాడు. ఆగి, "పడ్డయి చెల్లే," అన్నాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా లేని పొలంలో నాట్లు పడుతూనే ఉన్నాయి, కోతలు అవుతూనే ఉన్నాయి. ఆ అబద్ధం అన్న తనంతట తాను ఆడింది కాదు. తానే ఆయన నోట్లోంచి లాగింది, ఇంతమంది ముందర కూర్చోబెట్టి.

తలుపు తోసుకుని గంగవ్వ వచ్చింది. పసుపు డబ్బా కోసం వచ్చింది. అది భూదేవి వెనక అలమరలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

గంగవ్వే చెప్పింది, కోపం లేకుండా, సన్నగా. "కొనుకొద్దామనే అన్న నేను. మా ఇంటి పక్కోళ్ళ చేన్ల బియ్యం అడిగిన గూడ. మీ అన్న ఇనలె. ఫోన్ల ఎన్నన్న చెప్పచ్చు గని ఒడిల అబద్ధం పోయద్దన్నడు. మనింట్ల తినేటియి ఇవే, మనింటి బియ్యమంటె ఇవే అన్నడు. నెల నెల కొన్ని పక్కకు పెట్టినం. గా తెల్ల గింజలు ఏరుకుంటనే ఉన్న. నాకు కండ్లు సరిగ ఆనుతలెవ్వు భూదేవీ, కొన్ని ఉండిపోయినట్టున్నయి."

పసుపు డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

బయటి నుంచి జమున పిలిచింది. మంచి గడియ దాటిపోతోందట. భూదేవికి ఆ గదిలోంచి బయటికి రావాలని లేదు. కిటికీకి ఊచలు లేకపోతే అటునుంచి అటే పోయేదేమో. కానీ పిలిచింది తాను, రమ్మన్నది తాను, చూడమన్నది తాను. మొహం కడుక్కుని, వదిన తెచ్చిన చీర కట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది.

అప్పటికే బియ్యంలో పసుపు కలిపేశారు. పచ్చగా ఉన్న కుప్పలో ఇప్పుడు ఏ గింజ ఏదో తెలియడం లేదు.

ఒడిబియ్యం పోసుకునే వేళ ఆడబిడ్డను లక్ష్మి అంటారు. అందుకని ముందు కాళ్ళకు పసుపు రాస్తారు, రాసేది వదినే. గంగవ్వ గిన్నెలో పసుపు తడిపి తెచ్చి, భూదేవి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపటి కింద ఎవరిని దొంగ అన్నదో ఆ మనిషి తన పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, మడమ దాకా, వేళ్ళ సందుల దాకా, ఎక్కడా వదలకుండా పసుపు రాస్తోంది. కొత్త చీరల దారాల మధ్య కూర్చునీ కూర్చునీ మొద్దుబారిన భూదేవి పాదాలకు ఆ వేళ్ళు గరుగ్గా తగిలాయి. కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. గంగవ్వ చీలమండ గట్టిగా పట్టుకుంది. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోవడం అన్న మాట భూదేవి వెయ్యిసార్లు వాడి ఉంటుంది. అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"వదినా, నేనన్న మాట తప్పు," అంది వంగి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు.

"ఊకో. కదలకు, పసుపు చీరెకంటుతది," అంది గంగవ్వ.

ఆ తర్వాత గంగవ్వ, రాజలింగం కలిసి దోసిళ్ళతో బియ్యం ఒడిలో పోశారు. వాళ్ళ తర్వాత జమున పోసింది, హంసాబెన్ పోసింది. పోస్తూ హంసాబెన్ ఏదో అడగబోయి మానుకోవడం రాజలింగం చూశాడు. చెల్లెలి పరువు ఇంకా నిలబెట్టవచ్చని ఆయనకు అనిపించి ఉంటుంది. ఈ ఏడు పంట ఆలస్యమైందని, వచ్చే ఏడు సొంత పొలం బియ్యం తెస్తానని వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాడు.

"ఇస్ సాల్ ఫసల్ థోడా లేట్, బెన్‌జీ. కోతి బహుత్. అగ్లే సాల్ మై అప్నా ఖేత్ కా చావల్..."

"అన్నా, ఇగ చాలు," అంది భూదేవి.

భూదేవి తల ఎత్తలేదు. ఒడిలో ఉన్న బియ్యం వైపు చూస్తూనే హిందీలో చెప్పింది, అందరికీ తెలిసేటట్టు. "హమారా ఖేత్ నహీ హై. మాకు పొలం లేదు. మా అమ్మ దవాఖానా ఖర్చు కోసం అన్న అమ్మేశాడు. ఇవి మా అన్న ఇంట్లో తినే బియ్యం. మా వదిన ఏ తప్పూ చేయలేదు. నేనే తప్పు మాట అన్నాను."

ఇది చెబితే గుండె బరువు దిగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఏమీ దిగలేదు. చెప్పాక ఇంకా నగ్నంగా కూర్చున్నట్టనిపించింది. వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు గోడల వైపు చూశారు. హంసాబెన్ మాత్రం తన చేతికంటిన పసుపు తుడుచుకుంటూ, "మాకూ లేదు భూదేవిబెన్. ఇక్కడ ఎవరికుంది?" అంది. మంచిగానే అంది. ఇరవై ఏళ్ళుగా పొలం లేని ఇంతమంది ముందు కూర్చుని తాను ఏం మాట్లాడుతూ వచ్చిందో భూదేవికి ఆ మంచి మాటతోనే అర్థమైంది.

చివరన ఇంకొకటి ఉంది. ఒడిలో పోసిన దాంట్లోంచి ఐదు పిడికిళ్ళు ఆడబిడ్డ తిరిగి తల్లిగారింటికి ఇవ్వాలి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని. రాజలింగం తువ్వాలు పట్టాడు. భూదేవి ఒక్కో పిడికిలీ వేస్తూ ఐదు వేసింది. ఆరోది కూడా తీసింది. రాజలింగం తువ్వాలు మడిచేశాడు.

"ఐదే చెల్లే," అన్నాడు.

ఆ బియ్యం వండారు. అందరూ తిన్నారు. అన్నం ఎలా ఉందని భూదేవి ఎవరినీ అడగలేదు.

అన్నావదినలు మూడో రోజే వెళ్ళిపోయారు. ఇంకో రెండు రోజులుండమంటే, డ్యూటీకి వేరేవాడిని పెట్టి వచ్చానన్నాడు రాజలింగం. ఆ మాట ఆయన చెల్లెలి ముందు మొదటిసారి అన్నాడు. అని, విజిల్ తాడు సర్దుకుంటూ పక్కకు తిరిగాడు. రైలు కదిలాక గంగవ్వ కిటికీలోంచి చెయ్యి ఊపింది. భూదేవి ఆమె మొహం వైపు చూడలేక ఆ చెయ్యి వైపే చూసింది.

ఆ వారమంతా భూదేవి మెట్ల దగ్గర తల వంచుకుని దారాలు కత్తిరించింది. "మా దిక్కు" అన్న మాట ఆమె నోట రాలేదు. టమాటకు పులుపు లేదని కూడా అనలేదు. శనివారం మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు జమున కత్తెర వైపు చూస్తూ అంది.

"మా అన్నయితే అసలు ఫోనే ఎత్తడు."

భూదేవి లేసు డబ్బా ఆమె వైపు జరిపింది. ఆ పెదవి చివర నవ్వును ఇన్నేళ్ళూ తాను ఏమనుకుందో తలుచుకుని ఇంకోసారి సిగ్గుపడింది.

ఆదివారం వచ్చింది. అలవాటు కొద్దీ అందరూ వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఫోన్ సంగతి ఎత్తలేదు. భూదేవి కాసేపు మూట ముందేసుకుని కూర్చుంది, తర్వాత లేచి నాలుగు మెట్లు పైకెక్కి, గోడకు ఆనుకుని ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకుంటే అన్న గొంతు ఇంత దగ్గరగా ఉంటుందని ఆమె మరిచిపోయింది.

"మంచిగున్నవా అన్నా?"

"మంచిగున్న చెల్లే. బావ, పిలగాడు?"

"ఉన్నరు. వదినె కండ్లు సూపియ్యిరాదు అన్నా. పైసలు నేను పంపిస్త."

"సూపిద్దాం తియ్యి."

వరి సంగతి లేకపోతే అన్నతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదని, ఇన్నేళ్ళూ ఆయన ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు గ్రహించింది. అటువైపు గాలి హోరు వినపడుతోంది. ప్లాట్ల మీద అడ్డం ఏమీ లేని గాలి. ఇన్నాళ్ళూ దాన్నే చేను చప్పుడని హంసాబెన్‌కు చెప్పింది.

రాజలింగం గొంతు సవరించుకున్నాడు.

"చెల్లే, నువ్వు తప్పనుకోనంటె ఒకటడుగుత."

"అడుగన్నా."

"గా రోజు నువ్వు ఇగ చాలన్నవు. నిజమే, చాలు. గని... ఆరేండ్ల సంది శనారం వస్తె చాలు, రేపు చెల్లెకు ఏం చెప్పాలె, చేను ఎంత లేసింది, నీళ్ళెట్లున్నయి అని రాళ్ళ నడుమ తిరుక్కుంట అనుకునేటోన్ని. నీకోసమే అనుకున్న గని, నాకూ మంచిగుంటుండె." ఆయన నవ్వబోయి ఆగాడు. "ఇప్పుడు వరి ఈనికకు వచ్చే దినాలు, కంకులు ఎల్తయి. ఇయ్యాల చెప్పాల్నా, వద్దా?"

కింద మెట్ల దగ్గర కత్తెరలు ఆగి ఉన్నాయి. జమున తల ఎత్తి పైకి చూస్తోంది. భూదేవి వాళ్ళకు వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పన్నా," అంది. "నేనొక్కదాన్నే ఇంటున్న."